చవక రింగు ఫ్లాష్

ఫోటోలు బల్ల మీద పెట్టాను. మేనేజరు వాటిని చేత్తో ముట్టుకోలేదు. పెన్సిలు మొనతో ఒక్కొక్కటీ పక్కకు జరిపి, చివరిదాని దగ్గర ఆగి, ఇందులో మచ్చ ఏది, నీ లెన్సు నీడ ఏది అని హిందీలో అడిగాడు. గదిలో ఇద్దరు గుమాస్తాలు ఉన్నారు. వాళ్లు నవ్వలేదు గాని తలలు వంచుకున్నారు. నవ్వినా అంత మంట పుట్టేది కాదు నాకు.

తొంభైల నడిమి సంవత్సరాలవి. సూరత్ పక్కన సచిన్‌లోని ఒక డైయింగ్ మిల్లులో, రంగులు కలిపే గదిలో పనిచేసేవాణ్ని. రింగ్ రోడ్ బట్టల మార్కెట్ సేఠ్‌లు రంగు వేయని కోరా బట్ట పంపిస్తారు, మిల్లు రంగు వేసి తిరిగి పంపిస్తుంది. అలా వెళ్లిన బట్టలో మచ్చ కనిపిస్తే గొడవ. అది లూము మీద పడిన నూనె మచ్చని మిల్లు అంటుంది, మిల్లులోనే పడిందని సేఠ్ అంటాడు. బట్ట మా గేటు లోపలికి వచ్చిన రోజే మచ్చలకు దగ్గర నుంచి ఫోటో తీసి పెట్టుకుంటే నోరు మూయించవచ్చని మేనేజరుకు తోచింది. నా దగ్గర ఒక పాత రష్యా కెమెరా ఉందని ఎవరో చెప్పారు. ఆ పని నా నెత్తిన పడింది. జీతం మాత్రం పాతదే.

అంత దగ్గర నుంచి ఫోటో తీయడం నేననుకున్నంత తేలిక కాదు. బియ్యపు గింజంత మచ్చ ఫోటో నిండా కనిపించాలంటే లెన్సును బట్టకు జానెడు దూరంలోకి తేవాలి. అప్పుడు కెమెరా నెత్తి మీది ఫ్లాష్ వెలుగు లెన్సు గొట్టానికే తగిలి, దాని నీడ సరిగ్గా మచ్చ మీదే పడుతుంది. ట్యూబులైట్ల కింద తీస్తే అంతా పచ్చగా వస్తుంది. మిల్లు ఆవరణలో ఎండకు పరిచి తీద్దామంటే, బేళ్లు బయటికి ఈడ్చడానికి మనుషుల్ని ఇవ్వనన్నాడు మేనేజరు. దీనికి రింగు ఫ్లాష్ అనే సామాను ఉంటుందనీ, లెన్సు చుట్టూ గాజులా తొడిగే గుండ్రటి లైటనీ, అన్ని పక్కల నుంచీ ఒకేసారి వెలుగు పడుతుంది కాబట్టి నీడ రాదనీ చెప్పాను. మిల్లు కొంటే బాగుంటుందన్నాను. చేతకాని వంటవాడు గరిటెను తిడతాడట, అని ఆయన ఫైలు తెరిచాడు.

ఆ మాటకే కొన్నాను నేను దాన్ని, నా సొంత డబ్బుతో. ఫోటోల మీద ప్రేమతో కొన్నానని ఆ తరువాత చాలామందికి చెప్పాను గాని అది అబద్ధం. ఆ మనిషి మీద కోపంతో కొన్నాను.

స్టేషన్ దగ్గరి పెద్ద దుకాణంలో అద్దాల బీరువాలో ఒకటి ఉంది, పరదేశపు కంపెనీది. ధర అడిగితే నా మూడు నెలల జీతం దాటిపోయింది. ఒకసారి చూపించమన్నాను. చూడటానికి తీయం, కొనేవాళ్లకే తీస్తాం అని చెప్పి దుకాణం మనిషి నా వెనక నిలబడ్డ వాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టాడు. మళ్లీ ఆదివారం చౌక్ వైపు వెళ్లాను. అక్కడ ఒక మేడ మీద పాత కెమెరాలు బాగుచేసే గుజరాతీ ముసలాయన ఉండేవాడు. ఆయన దగ్గర పేరూ ఊరూ లేని రింగు ఫ్లాష్ ఒకటి ఉందని మేముండే గోడాదరా పేటలో ఒక స్టూడియోవాడు చెప్పాడు. పళ్ల డాక్టరెవరో వాడి, వద్దని ఇచ్చేసిన సరుకట.

ముసలాయన మొదట నా గోళ్లు చూశాడు. మిల్లు రంగు వారం రోజులు కడిగినా గోళ్ల అంచుల్లోంచి పోదు. ఆ రోజు నీలం. ఏ ఊరివాడివని గుజరాతీలో అడిగాడు. సూరత్‌వాణ్నే అన్నాను. నా గుజరాతీలో తప్పు లేదు, బడిలో చదువుకున్న గుజరాతీ అది. అయినా ఆయన తల అడ్డంగా ఊపి, అసలు ఊరు అన్నాడు. చెప్పాను. మా నాన్న సిరిసిల్లలో మగ్గం అమ్ముకుని మమ్మల్ని తీసుకుని వచ్చేనాటికి నాకు ఆరేళ్లు. ఆయన అదంతా వినలేదు. మద్రాసీలు ఈ లైటు కొనుక్కుని ఏం చేస్తారు, బట్ట మీద నూనె చుక్కలు చూసుకుంటారా అన్నాడు. అవును, అదే పని అన్నాను. నిజం చెబితే వెటకారం అనుకుని మొహం ముడుచుకున్నాడు.

వెలిగించి చూపించమన్నాను. సెల్లులు నీవే తెచ్చుకో అన్నాడు. కిందికి దిగి నాలుగు పెన్సిలు సెల్లులు కొనుక్కొచ్చేసరికి ఆయన షట్టరు సగం దించి భోజనానికి వెళ్తున్నాడు. మూడింటికి రమ్మన్నాడు. రెండు గంటలు ఆ మెట్ల మీదే కూర్చున్నాను, కింద సోడాబండి వాడితో కూడా మాట్లాడకుండా. మూడున్నరకు వచ్చాడు. నన్ను చూసి ఇంకా పోలేదా అన్నట్టు ఒక చూపు చూశాడు.

సెల్లులు వేశాక సన్నగా కూత పెట్టి చిన్న ఎర్రదీపం వెలిగింది. తెల్లకాగితం ముందు పెట్టి నొక్కాను. గుండ్రంలో ఎడమ సగం బలంగా వెలిగింది, కుడి సగం మందంగా. మళ్లీ నొక్కాను, అదే. ఒక పక్క చచ్చిపోయిందని చూపించాను. ఆయన నా చేతిలోంచి లాక్కుని, చచ్చింది గనకే నీకు దొరికింది, లేకపోతే నీ మొహానికి ఇది దొరికేదా అన్నాడు. తగ్గించమంటే తగ్గించలేదు. రసీదు అడిగితే నవ్వాడు. డబ్బు ఇచ్చేశాను. పాత బనియను ముక్కలో చుట్టి నా ముందుకు తోస్తూ, ఇది కాలినా పేలినా మళ్లీ ఈ మెట్లు ఎక్కొద్దు అన్నాడు. ఎక్కనని నేను కూడా గట్టిగానే అన్నాను.

ఇంట్లో అంతకంటే ఘోరం. గోడాదరాలో రెండు గదుల ఇల్లు, అన్నావదినలతో ఉండేవాణ్ని. నాన్న పోయాక అన్నే ఇంటి పెద్ద. పదిహేనేళ్లుగా పరాయి లూములు నడుపుతూ, ఒక పాత లూము సొంతంగా కొనుక్కోవాలని కలగంటున్నాడు. నేనూ కొంత వేస్తానని మాట ఇచ్చి ఉన్నాను. బనియను ముక్క విప్పి చూపిస్తే చాలాసేపు దాన్ని చూశాడు. తిట్టలేదు.

"లూము ఒక్కటి మోగితే నలుగురం తింటం," అన్నాడు. "ఇది మెరిస్తె ఏమొస్తది?"

మేనేజరు అన్న మాట చెప్పబోయాను. "వాడు మాటన్నడని వానికే సామాను కొనిస్తివా," అన్నాడు. ఆ తరువాత నెలరోజులు నాతో సూటిగా మాట్లాడలేదు. చెప్పాల్సిందేదైనా ఉంటే వదినతో చెప్పించేవాడు, నేను పక్కనే కూర్చుని ఉన్నా సరే.

ఆ ఫ్లాష్ మర పళ్లు నా లెన్సు పళ్లకు కలవలేదు. లేతు పనివాడొకడు అల్యూమినియంతో మధ్యలో వేసే రింగు చేసి ఇచ్చాడు, రెండుసార్లు పాడుచేసి, తప్పు నాదేనని తిట్టి. బట్టకూ లెన్సుకూ ఎంత దూరం ఉండాలో ఒక దారానికి ముడులు వేసి గుర్తు పెట్టుకున్నాను. మెరిసే బట్టమీద మధ్యలో తెల్లటి గుండ్రం పడేది. ట్రేసింగు కాగితం కత్తిరించి ఫ్లాష్ అద్దం మీద అంటించాక అది పోయింది. చచ్చిన సగం ఎప్పుడూ కిందికి ఉండేట్టు తిప్పితే బట్ట నేత కొంచెం ఎత్తుపల్లాలతో కనిపించేది. మంచి ఫ్లాష్ అయితే అది కూడా వచ్చేది కాదు. అలా నాలుగు రీళ్లు వృథా అయ్యాక ఒక నూనె మచ్చ ఫోటో వచ్చింది. పోగు పోగూ లెక్కపెట్టొచ్చు. నూనె ఏ పోగు దాకా పాకిందో, ఎక్కడ ఆగిందో తెలుస్తోంది.

మేనేజరు ఈసారి ఫోటోను చేత్తో పట్టుకున్నాడు. ఇది మొదటే తేలేకపోయావా అన్నాడు, అంతే. వారంలోనే ఒక సేఠ్ ఆఫీసుకు వచ్చి అరుస్తుంటే ఆ ఫోటో ఆయన ముందు పడేశాడు. సేఠ్ గొంతు తగ్గింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నిలబడ్డ నన్ను చూసి, మిల్లువాళ్ల కుక్కకు బాగానే తర్ఫీదు ఇచ్చారు అని గుజరాతీలో అన్నాడు. నాకు కోపం రాలేదు, ఆశ్చర్యం. గెలిచినట్టుంది నాకు. ఆ గెలుపే నన్ను పాడుచేసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

రంగు తొట్ల దగ్గర మావైపు మనుషులు పదిమంది దాకా ఉండేవారు. అందరికంటే పెద్దవాడు జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చినాయన, యాభై ఏళ్లుంటాయి. ఆయన్ని నేను కాకా అనేవాణ్ని. ఒకరోజు మధ్యాహ్నం నేను గోదాములో మచ్చల ఫోటోలు తీస్తుంటే వచ్చి నిలబడ్డాడు. కాసేపు చూసి, రెండు చేతులూ కోరా బట్ట మీద పెట్టాడు.

"బట్ట మీది మచ్చకు ఇంత కష్టపడుతున్నవ్ కొడుకా. గీటికి కూడ జర తియ్యరాదు?"

ఆ చేతుల్ని రోజూ చూస్తూనే ఉన్నాను, అయినా అప్పటిదాకా చూడలేదు. వేళ్ల సందుల్లో చర్మం పగిలి, పగుళ్లలో రసి కారి, మణికట్ల దాకా పొలుసులు లేచి ఉంది. మిల్లు డాక్టరు ఇంట్లో వాడే సబ్బు పడటంలేదని చెప్పి తెల్ల మందు ఇచ్చి పంపేవాడట. ఇంకో ముగ్గురికీ అలాగే ఉంది. లేబర్ ఆఫీసులో చెబితే, చేతులు చూపించడానికి ఇక్కడికి ఎన్నిసార్లు వస్తావు, కాగితం మీద ఏమైనా పట్టుకురా అన్నారట. అందుకని ఫోటోలు కావాలి. తొట్ల దగ్గర రబ్బరు గ్లౌజులు ఇమ్మని అడగడానికి.

రెండే మాటలు చెప్పాడు. మొహం రావద్దు. పచ్చబొట్టు రావద్దు. కుడి మణికట్టు లోపలి వైపు ఆయన పేరు పచ్చబొట్టుగా ఉంది, తెలుగు అక్షరాల్లో, చిన్నప్పుడు జాతరలో పొడిపించుకున్నది. సరేనన్నాను.

కెమెరాలో మిల్లు రీలు ఉంది. ముప్పై ఆరింట్లో ఎనిమిది మిగిలాయి. వేరే రీలు వేయాలంటే కొనాలి. ఈ ఎనిమిది ఎలాగూ ఖాళీ. ఆ రీలే వాడాను. రీళ్లు కడిగే లాబుకు నేనే వెళ్లి నేనే తెచ్చుకుంటాను గదా, చేతుల ఫోటోలు ముందే తీసేస్తాను గదా అనుకున్నాను. ఇది మొదటి తప్పు. రెండోది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. పచ్చబొట్టును తప్పించే తీశాను ఏడు. ఎనిమిదోది తీసేటప్పుడు ఆయన చెయ్యి కాస్త తిరిగింది. పగిలిన చర్మం పక్కన ఆ పాత ఆకుపచ్చ అక్షరాలు, వాటి మీదికి పాకుతున్న పొలుసులు లెన్సులో ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, వేలు ఆగలేదు. ఆయన చూడలేదు. నేను చెప్పలేదు.

రెండు రోజుల తరువాత మేనేజరు రింగ్ రోడ్‌లో ఏదో పని మీద వెళ్లి, దారిలోనే గదా అని లాబులో మిల్లు కవరు తనే తీసుకున్నాడు.

నన్ను పిలిచేసరికి ఎనిమిది ఫోటోలూ బల్ల మీద వరుసగా ఉన్నాయి. ఆయన అరవలేదు. చివరి ఫోటో నా వైపు తిప్పి ఇదేం భాష అని అడిగాడు. తెలుగు అన్నాను. ఏం రాసి ఉంది, చదువు అన్నాడు.

"నాకు తెలుగు చదవడం రాదు సాబ్," అన్నాను హిందీలో.

అది అబద్ధం. మా నాన్న లూము శబ్దంలో నా చెవిలో అరిచి అరిచి నేర్పిన అక్షరాలవి. ఒక మనిషిని కాపాడుతున్నాననుకుని ఆ అబద్ధం ఆడాను గాని, దానితో ఒరిగిందేమీ లేదు. మేనేజరు లేచి, నన్ను వెంటబెట్టుకుని తొట్ల దగ్గరికి వెళ్లి, మావైపు వాళ్లందరినీ వరుసగా నిలబెట్టి చొక్కా చేతులు పైకి మడవమన్నాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను, ఫోటోల కవరు నా చేతిలోనే ఉంది. కాకా మొదట కవరును చూశాడు, తరువాత నన్ను. ఆ సాయంత్రమే ఆయన్ని పనిలోంచి తీసేశారు.

నన్ను తీయలేదు. నీ పని చాలా బాగుంది అన్నాడు మేనేజరు. ఆ మిల్లులో నేను విన్న ఒకే ఒక మెచ్చుకోలు అది.

సచిన్ బస్సు స్టాపులో కాకా నా కోసం నిలబడి ఉన్నాడు. తక్కిన ముగ్గురూ కొంచెం దూరంలో ఉన్నారు. నేను రీలు సంగతి, లాబు సంగతి గబగబా చెప్పుకుంటూ పోయాను. అంతా విన్నాడు.

"మా చేతులకు వేరే రీలు వెయ్య పానం ఒప్పలేదా?" అన్నాడు.

నేను బస్సు వచ్చే వైపు చూశాను.

"రెండే అడిగిన నిన్ను. మొఖం వద్దంటిని, పచ్చబొట్టు వద్దంటిని. నువ్వు వాని పక్కన నిలవడ్డవ్."

చేత్తో కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. బస్సు వచ్చింది, ఎక్కేశాడు. అదే బస్సు నేనూ ఎక్కాలి, ఎక్కలేకపోయాను. మర్నాటి నుంచి మావైపు వాళ్లెవరూ మిల్లులో నాతో మాట్లాడలేదు. నేను కుండలో నీళ్లు ముంచుకుంటే ఆ గ్లాసు కడిగి తాగేవాళ్లు. మాటమాటకూ నాకు వినబడేట్టు ఫోటోసాబ్ అనేవాళ్లు. గోడాదరాలో మా సందు దాకా వచ్చింది ఆ పేరు. అన్న నాతో మళ్లీ మాట్లాడింది అప్పుడే. లూముల దగ్గర తన మొహం మీదే ఉమ్మేసినంత పని చేస్తున్నారని, ఆ లైటును ఏ మోరీలోనన్నా పారేయమని.

అయినా ఆ ఉద్యోగంలోనే ఇంకో రెండు నెలలు ఉన్నాను. ఎందుకున్నావని ఎవరైనా అడిగితే ఇంటి కిరాయి అని చెప్పేవాణ్ని. నిజానికి మానేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని మొండికేశాను. మచ్చల ఫోటోలు తీస్తూనే ఉన్నాను. తొట్ల దగ్గరి మిగతా ముగ్గురూ చేతులకు గుడ్డలు చుట్టుకుని పనిచేయడం చూస్తూనే ఉన్నాను.

ఆ పని మానిపించిన పుణ్యం కూడా మేనేజరుదే. ఒకరోజు పిలిచి కుర్చీలో కూర్చోమన్నాడు. ఎప్పుడూ కూర్చోమని అన్న మనిషి కాదు. ఇకమీద తొట్ల పనిలోకి కొత్తగా ఎవరు వచ్చినా, చేరిన రోజే వాళ్ల చేతులకు దగ్గర నుంచి ఫోటో తీసి ఫైల్లో పెట్టాలన్నాడు. చిన్న గీత, చిన్న పుండు ఉన్నా వదలొద్దు. రేపు ఎవడైనా లేబర్ ఆఫీసుకు పోతే, వచ్చేటప్పుడే ఉందని చూపిస్తామన్నాడు. నాకు అర్థం కాలేదనుకుని, కోరా బట్టకు తీస్తున్నావు గదా, సరిగ్గా అలాగే అన్నాడు.

"నేను తియ్యను," అన్నాను.

తీయకపోతే పని లేదన్నాడు. లేచాను. ఆ ఫ్లాష్ ఇక్కడ పెట్టి వెళ్లు, మిల్లు పని మీదే గదా వాడింది అన్నాడు. అది నా డబ్బుతో కొన్నది, ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతాను అన్నాను. గుమాస్తాలు ఈసారి తలలు ఎత్తి చూశారు. నా చెప్పులు, టిఫిను డబ్బా, కెమెరా సంచి తీసుకుని గేటు దాటాను. గొప్పగా ఏమీ అనిపించలేదు. ఇది రెండు నెలల కింద చేయాల్సిన పని.

నెగిటివులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. లాబు కవరు నాకు అప్పగించినప్పుడు మేనేజరుకు వాటి సంగతి తట్టలేదు. ఆ ఆదివారం పొద్దున కాకా ఉండే గదికి వెళ్లాను, మా ఇంటికి నాలుగు సందుల అవతలే. ఆయన భార్య గుమ్మంలోనే ఆపింది. లేడంది. లోపల ఆయన దగ్గు వినిపిస్తోంది. నెగిటివులున్న కవరు ఆమెకు ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఆయన అన్నం మీద మన్ను వోస్తివి. ఇంకేం తెచ్చినవయ్యా?" అంది.

లోపలి నుంచి ఆయనే వచ్చాడు. లోపలికి రమ్మనలేదు. ఇవి నెగిటివులనీ, వీటితో ఏ స్టూడియోలోనైనా ఎంత పెద్దవైనా వేయించుకోవచ్చనీ, మిల్లు దగ్గర ఇక ఇవి లేవనీ చెప్పాను. తీసుకుని పైకెత్తి వెలుతురుకు చూశాడు. తన చేతులే అయినా తలకిందులైన రంగుల్లో గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. చివరిదాని దగ్గర ఆగాడు.

"పచ్చబొట్టుది కూడ ఉన్నదా?"

ఉందన్నాను.

"ఉండనీ. ఇప్పుడు పేరుతోనే ఇస్త," అన్నాడు, తలుపు వేసేశాడు.

ఇచ్చాడు కూడా. తక్కిన ముగ్గురినీ వెంటబెట్టుకుని, పెద్దవి చేయించిన ఫోటోలతో లేబర్ ఆఫీసుకు నాలుగైదుసార్లు తిరిగాడని ఆ ముగ్గురిలో ఒకడు ఎప్పుడో మా అన్నకు చెప్పాడు. ఆ చలికాలంలో మిల్లుకు తనిఖీ వచ్చింది. తొట్ల దగ్గర మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు వచ్చాయి. మేనేజరు అక్కడే ఉన్నాడు, వాడికేమీ కాలేదు. కాకాను తిరిగి తీసుకోలేదు. ఆయన మా సందు చివరి షెడ్డులో లూముల మీద పనికి కుదిరాడు. లూము పని ఎంత నరకమో మా అన్నను చూసి నాకు తెలుసు, కాకా దాన్ని వయసు మీద పడ్డాక కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

నేను ఒక పళ్ల డాక్టరు దగ్గర, తరువాత నగల దుకాణాల్లో దగ్గరి ఫోటోలు తీస్తూ బతికాను. ఆ ఫ్లాష్‌లో మిగిలిన సగం కూడా రెండో ఏడు చచ్చిపోయింది. అప్పటికి మంచిది కొనుక్కోగలిగాను. అన్న లూము కొనలేదు. మేం ఇద్దరం దాని గురించి మాట్లాడటం మానేశాం.

కాకా నాతో మళ్లీ మాట్లాడలేదు. ఒకే పేటలో ఏడెనిమిదేళ్లు ఎదురుపడుతూనే ఉన్నాం. కూరగాయల బండి దగ్గర నేనుంటే ఆయన పక్కబండికి పోయేవాడు. ఒకసారి షేర్ ఆటోలో నా ఎదురు సీటు తప్ప ఖాళీ లేక కూర్చోవలసి వచ్చింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ నా కళ్లు వాటి మీదికి పోయాయి. చర్మం చాలావరకు మానింది, వేళ్ల మొదట్లో మాత్రం తెల్లటి చారలు. నేను చూస్తున్నట్టు గమనించి, రెండు చేతులూ తీసి చంకల్లో పెట్టుకున్నాడు. గోడాదరా వచ్చేదాకా నేను బయటికే చూస్తూ కూర్చున్నాను.